ఎర్రవాగు దగ్గర ఆగినవారి లెక్క

రేగులగడ్డ,
18-8-2011

హైదరాబాదులో రోడ్లు చూసుకునే ఆఫీసు వారికి, రోడ్డు చివరన ఉండే గాదె బుచ్చయ్య నమస్కారాలు.

నేను ఇరవై తొమ్మిదేళ్లు రోడ్డు గ్యాంగులో కూలి పని చేసి మానుకున్నాను. బడికి పోలేదు. కిలోమీటరు రాళ్లకు రంగు వేస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని నాకు ఊళ్ల పేర్లు, అంకెలు బాగా వస్తాయి. మిగతావి కొంచెం ఆలస్యంగా వస్తాయి. రోడ్డు మీద ఏ రోజు ఏం జరిగిందో నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు.

పాలకుర్తి నుంచి మా ఊరికి వచ్చే దారిలో, ఊరు అరకిలోమీటరు ఉందనగా ఎర్రవాగు ఉంది. దాని మీద బ్రిడ్జి లేదు. రోడ్డు వాగులోకి దిగి అవతల ఎక్కుతుంది. పైన వాన పడితే వాగు రోడ్డు మీదుగా పోతుంది. అప్పుడు రెండు ఒడ్లనా జనం నిలబడి నీళ్లను చూస్తారు. ఈ వానకాలంలో ఇప్పటికి పదకొండు రోజులు వాగు వచ్చింది. నాలుగు వందల అరవై రెండు మంది ఆగారు. అందరికంటే ఎక్కువసేపు చూసింది బడిపంతులు డేవిడ్ సారు, ఏడు గంటలు.

కిందటి ఏడు శ్రావణంలో నా కోడలు శ్రీలతకు నొప్పులు వస్తే పాలకుర్తి దవాఖానకు తీసుకుపోతూ ఈ ఒడ్డునే ఆగాము. పాప ఆటోలోనే పుట్టింది. అఖిల అని పేరు పెట్టుకున్నాము. తల్లీ పిల్లా బాగున్నారు. ప్రతిసారీ అట్లా ఉండదు. కనుక బ్రిడ్జి కట్టించగలరు.

వాగు ఇవతలి నుంచి,
బుచ్చయ్య

తా.క.: ఆ ఆటో అవతలి తండా తుల్సీరాంది. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు. "వాగు దాటనే లేదు, కిరాయి ఏంది బాపు" అన్నాడు.


రమణీయ రహదారుల విభాగం,
హైదరాబాదు, 27-8-2011

మాన్యులు బుచ్చయ్యగారికి, సహాయ అధికారి వెంకట్రాం అభినందనలతో రాస్తున్నది.

మీ ఉత్తరం నిజానికి మా ఆఫీసుకు రావలసినది కాదు. రోడ్లు వేసేది వేరే వారు. వేసిన రోడ్లలో అందమైనవి ఏవో గుర్తించడం మా పని. ఈ విభాగం పెట్టి ఎనిమిది నెలలైంది. ఇంతవరకు ఒక్క దారీ దొరకలేదు. మార్చిలోగా ఒక్కటైనా చూపించకపోతే విభాగాన్ని ఎత్తేస్తామని పైవారు అంటున్నారు.

ఇటువంటి సమయంలో మీ ఉత్తరం వచ్చింది. "రెండు ఒడ్లనా జనం నిలబడి నీళ్లను చూస్తారు" అన్న వాక్యం దగ్గర నేను కూడా ఆగిపోయాను. ఒక ప్రకటన లేదు, ఒక కరపత్రం లేదు. అయినా నాలుగు వందల అరవై రెండు మంది. ఒక ఉపాధ్యాయుడు ఏడు గంటలు తన్మయత్వంతో నిలబడ్డారంటే ఆ దృశ్యం ఎటువంటిదో ఊహించుకోగలను. మీ కుటుంబం ఒక శుభఘడియను అక్కడే గడపడం కూడా నన్ను కదిలించింది. "కుటుంబ సమేతంగా ఆగదగిన స్థలం" అని ఫైలులో రాశాను.

మీ దారిని రాష్ట్రంలో మొట్టమొదటి రమణీయ మార్గంగా ప్రకటించాము. బోర్డు లారీలో వస్తుంది.

ఆనందంతో,
వెంకట్రాం

తా.క.: బ్రిడ్జి సంగతి సంబంధిత శాఖకు పంపుతాను. ఆ శాఖ ఏదో కనుక్కుంటున్నాను.


రేగులగడ్డ,
7-9-2011

వెంకట్రాం సారుకు బుచ్చయ్య నమస్కారాలు.

బోర్డు వచ్చింది. "ఎర్రవాగు రమణీయ మార్గం. ఆగి చూడండి" అని ఉంది. అవతలి ఒడ్డున పాతారు. తరువాత జరిగినవి రాస్తున్నాను.

ఒడ్డు మీద పోశాలు చాయ్ హోటలు ఉంది. నాలుగు రూపాయల చాయ్ ఆరు చేశాడు. అడిగితే "చాయకు నాలుగే తీసుకుంటున్న. పైన రెండు వాగుకు" అన్నాడు. తుల్సీరాం ఆటోకు పది ఉండేది, పన్నెండు అయింది. "సీనరీ చూసుకుంటనే పోతున్నరు గద బాపు. కండ్లు మూసుకొని కూసుంటే పదే తీసుకుంట" అన్నాడు. నా భార్య యాదమ్మ మాట పట్టింపు మనిషి. పాలకుర్తి దాకా కళ్లు మూసుకునే పోయి, పది రూపాయలే ఇచ్చింది. కాకపోతే దవాఖాన దాటిపోయి బస్టాండులో దిగింది. అక్కడినుంచి వెనక్కు నడిచి వచ్చింది. ఆ కోపం నా మీద ఉంది. మీకు ఉత్తరం రాసింది నేను కనుక.

ఇవి చిన్న సంగతులు. పెద్దది ఇది. ఈ ఏడు మా బ్రిడ్జి అంచనా కాగితాలు ఇంజినీరు గారి బల్ల మీదికి వచ్చాయి. పదహారేళ్లుగా వస్తాయని అంటూ ఉంటే ఇప్పుడు వచ్చాయి. ఇంజినీరు గారు వాగు కొలవడానికి వచ్చి, మీ బోర్డు చూసి, టేపు చుట్టుకుని వెళ్లిపోయారు. రమణీయ మార్గం మీద ఏం కట్టాలన్నా మీ ఆఫీసు అనుమతి కాగితం కావాలట. దయచేసి ఆ ఒక్క కాగితం పంపించగలరు. బోర్డు కావాలంటే తిరిగి పంపుతాను.

వాగు ఇవతలి నుంచి,
బుచ్చయ్య

తా.క.: మీ బోర్డు చూసి ఆగినవారు ముగ్గురు. ఒకరు దానికి బర్రెను కట్టేయడానికి. ఒకరు బర్రెను విప్పుకోవడానికి. మూడో ఆయన పోలీసు, ఎవరు పాతారని అడగడానికి.


హైదరాబాదు,
16-9-2011

గౌరవ పర్యవేక్షకులు బుచ్చయ్యగారికి,

పైన రాసిన పదవి మీదే. జీతం లేదు, గౌరవం మాత్రం ఉంది.

చాయ్ ధర పెరగడం మంచి సూచన. సందర్శకులు వచ్చే ప్రతిచోటా మొదట పెరిగేది అదే. అనుమతి కాగితం విషయంలో నా చేతులు కట్టేసి ఉన్నాయి. మా నిబంధన ఏడు ప్రకారం రమణీయ స్థలంలో వాగు మీద బ్రిడ్జి కట్టరాదు. మీరే ఆలోచించండి. బ్రిడ్జి కడితే జనం ఆగరు. జనం ఆగకపోతే అది రమణీయ మార్గం ఎలా అవుతుంది?

మీకు లెక్క రాసే అలవాటు ఉన్నందున ఫారాలు పంపుతున్నాను. నాలుగే గడులు. ఎందరు ఆగారు, ఎంతసేపు, ఏం చేశారు, తృప్తి చెందారా. మరొక మనవి. రోడ్డుకు రెండు వైపులా తంగేడు పూసిందని తెలిసింది. నేను తనిఖీకి వచ్చేదాకా ఎవరూ ఒక్క పువ్వు కూడా కోయకుండా చూడండి.

నేను రావడం ఆలస్యమవుతుంది. పదమూడో తారీఖు నుంచి ఇక్కడ సకల జనుల సమ్మె. మా విభాగంలో నేను, తాళంచెవి మిగిలాము. నాది ఒంగోలు వైపు కనుక సమ్మెలో లేను. నా ఉత్తరాలు నేనే టైపు చేసుకుంటున్నాను.

భవదీయుడు,
వెంకట్రాం

తా.క.: తప్పులుంటే క్షమించండి. "ట" అక్షరం ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.


రేగులగడ్డ,
7-10-2011

వెంకట్రాం సారుకు బుచ్చయ్య దసరా నమస్కారాలు.

ఫారాలు నింపాను. ఎక్కువ మంది ఆగిన రోజులు ఇక్కడ కూడా రాస్తున్నాను.

19-9. ఆగినవారు 640. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకుని, వరుసలో కూర్చుని తిన్నారు. పాటలు పాడారు. తృప్తి: దొరికేదాకా లేవమన్నారు.

24-9. ఆగినవారు 1,140. ఎడ్లబండ్లు 31, ట్రాక్టర్లు 14. జెండాలు పట్టుకుని, డప్పులతో వచ్చారు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా. అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు. ఉపన్యాసాలు 9. తృప్తి: పైన రాసినట్లే.

27-9. ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలకల్లా రోడ్డు పొడవునా తంగేడు పువ్వు ఒక్కటి కూడా మిగలలేదు. కోయవద్దని మీ మాటగా చెప్పాను. "పువ్వు పూసిందే బతుకమ్మకు. సారుకు కావాలంటే ఆయన గూడ బతుకమ్మ పేర్వమను" అన్నది యాదమ్మ. మొదటి కొమ్మ తెంపింది తనే. ఒకే ఇంట్లో ఉంటున్నాము కనుక ఇంతకంటే ఎక్కువ రాయలేను.

4-10. సద్దుల బతుకమ్మ. ఆడవాళ్లు 800. వాగు ఒడ్డున ఆడి, పాడి, బతుకమ్మలను నీళ్లలో వదిలి, సద్దులు పంచుకున్నారు. తృప్తి: బాగా ఉంది.

అనుమతి కాగితం మరొకసారి ఆలోచించగలరు.

వాగు ఇవతలి నుంచి,
బుచ్చయ్య

తా.క.: ఎందుకు ఆగారు అనే గడి మీ ఫారంలో లేదు. ఉంటే నింపేవాణ్ని.


హైదరాబాదు,
13-10-2011

ఆత్మీయులు బుచ్చయ్యగారికి,

మీ ఫారాలు చదువుతూ కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇక్కడ సమ్మె వల్ల నగరంలో ఒక్క సందర్శకుడు లేడు. హోటళ్లు మూతపడ్డాయి. బస్సులు లేవు. అటువంటి రోజుల్లో మీ వాగు దగ్గర పదకొండు వందల నలభై మంది, బస్సులు లేకపోతే ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి, వనభోజనం చేసి, గానాబజానాతో గడిపారు. ఉపన్యాసాలు కూడా పెట్టుకున్నారంటే ప్రకృతి గురించే అయి ఉంటుంది. "సమ్మెలతో విసిగిన ప్రజలు ఎర్రవాగు ఒడ్డున సేద తీరుతున్నారు" అని పైవారికి నివేదిక పంపాను. వారు చాలా సంతోషించారు.

"దొరికేదాకా లేవము" అంటున్నారని రాశారు. ఏం సదుపాయం కావాలో అడిగి తెలుసుకోండి. మంచినీళ్లా, నీడా, కుర్చీలా? ఏదైనా నా స్థాయిలోనే మంజూరు చేస్తాను. ఇరవై ఒకటిన జీపులో స్వయంగా వస్తున్నాను.

ఉత్సాహంతో,
వెంకట్రాం

తా.క.: తంగేడు మళ్లీ ఎప్పుడు పూస్తుంది? పైవారితో వచ్చే వారం అని చెప్పాను.


రేగులగడ్డ,
17-10-2011

వెంకట్రాం సారుకు బుచ్చయ్య నమస్కారాలు.

ఏం కావాలో అడిగాను. తండా పెద్ద లక్ష్మా జవాబు చెప్పాడు. "ఏం గావాల్నో మా తాతల నాటి సంది చెప్తనే ఉన్నం. గిప్పుడు ఫారం గూడ నింపాల్నా?" అన్నాడు. వాళ్లకు కావలసింది తెలంగాణ. అది మీ స్థాయిలో మంజూరు కాదనుకుంటాను. ఢిల్లీలో ఇస్తారట. వాళ్లు ఆగింది వాగును చూడడానికి కాదు. అది రాస్తా రోకో. రోడ్డు మీద వండుకుని తినడాన్ని ఇక్కడ వంటావార్పు అంటారు. అదీ సమ్మెలో భాగమే. నేను కూడా కూర్చున్నాను. నన్ను కూడా లెక్కలో కలిపాను.

వాళ్లు అడిగేది ఢిల్లీలో ఉంది. నేను అడిగేది మీ బల్ల మీద ఉంది.

వాగు ఇవతలి నుంచి,
బుచ్చయ్య

తా.క.: వాగు ఎగువన, బచ్చన్నపేట వైపు మబ్బు ఉంటే ఆ రోజు బయలుదేరవద్దు.


రేగులగడ్డ,
22-10-2011

వెంకట్రాం సారుకు బుచ్చయ్య నమస్కారాలు.

నిన్నటి ఫారం పంపుతున్నాను. పదిహేడున రాసిన ఉత్తరం మీకు అందక ముందే మీరు బయలుదేరినట్లున్నారు.

21-10. ఆగినవారు: అవతలి ఒడ్డున 211. అందులో ఒకరు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, చంకలో ఫైలు పెట్టుకుని ఉన్నారు. ఎంతసేపు: తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా, ఏడు గంటలు. డేవిడ్ సారు రికార్డుకు సమానం. ఏం చేశారు: నన్ను చూసి చెయ్యి ఊపారు. నేనూ ఊపాను. ఏదో అరిచారు. నీళ్ల చప్పుడుకు వినపడలేదు. నేనూ అరిచాను. "బ్రిడ్జి" అని. మళ్లీ చెయ్యి ఊపారు. తృప్తి: దూరం నుంచి తెలియలేదు.

వాగు ఇవతలి నుంచి,
బుచ్చయ్య

తా.క.: శ్రీలతకు మళ్లీ నెల తప్పింది. లెక్క ప్రకారం జూన్ ఆఖరు. వాగు కూడా అప్పుడే వస్తుంది.


హైదరాబాదు,
2-11-2011

బుచ్చయ్యగారికి వెంకట్రాం నమస్కరించి రాస్తున్నది.

మీ రెండు ఉత్తరాలూ నేను తిరిగి వచ్చాక చదివాను. చదివే అవసరం అప్పటికే తీరిపోయింది.

ఆ రోజు ఒడ్డున వంటావార్పు చేస్తున్న వారి దగ్గరకు వెళ్లి, గోరీ అనే ఆవిడను "ఎక్కడి నుంచి వచ్చారమ్మా? ఇక్కడ ఎలా ఉంది?" అని అడిగాను. "యాడికెల్లి అచ్చుడేంది, మేం ఈడోళ్లమే. నువ్వు యాడికెల్లి అచ్చినవ్?" అంది. ఒంగోలు అన్నాను. పొయ్యిల దగ్గరివారు గరిటెలు పట్టుకునే నా వైపు తిరిగారు. ఆనాటి సభ ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. మీరు రాసిన లక్ష్మా ఒక విస్తరి తెచ్చి నా ముందు వేశాడు. "ఒంగోలోళ్లకు ఆకలి గాదా? పెట్టుండ్రి" అన్నాడు. గోరీ అన్నం పెడుతూ "నీళ్లు దిగేదాక నువ్వు గూడ మా తీర్గనే. కూసో బిడ్డ" అంది. పచ్చిపులుసు మూడుసార్లు పోయించుకున్నాను. ఆ సంగతి నివేదికలో రాయలేదు.

నా పక్కన ఒకావిడ మందుసీసా పట్టుకుని నిలబడింది. అవతల ఆమె కొడుకుకు జ్వరం. నాతోపాటే ఏడు గంటలు నిలబడింది. మీ 211లో ఆమె ఒకరు. మా ఫారంలో తృప్తి అనే గడి పెట్టింది నేనే. దాన్ని చూస్తే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నిబంధన ఏడు ప్రకారం బ్రిడ్జికి అనుమతి ఇవ్వలేను. దాన్ని మార్చే అధికారం నాకు లేదు. కాని నిబంధన పదకొండు ప్రకారం సందర్శకుల సౌకర్యం కోసం ఒక వీక్షణ వేదిక కట్టించవచ్చు. దాని కొలతలు ఎక్కడా చెప్పలేదు. కాబట్టి ఎర్రవాగు వద్ద ముప్పై ఎనిమిది మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పు గల వేదికను మంజూరు చేయించాను. వరద మట్టానికి పైన ఉంటుంది. ఒక చివర తండా ఒడ్డున, రెండో చివర మీ ఒడ్డున ఆనుతుంది. సందర్శకులలో బరువైనవారు ఉంటారు కనుక లారీ బరువు తట్టుకునేలా కట్టమన్నాను. మార్చిలోగా పని మొదలుపెట్టకపోతే డబ్బు వెనక్కు పోతుంది. అందువల్ల పని త్వరగానే అవుతుంది.

ఒక షరతు ఉంది. వేదిక మీద ఆగి చూసేవారికి రెండు రూపాయల టికెట్. పుస్తకం పంపుతాను. ఎందరు ఆగారో జూన్ చివర లెక్క పంపండి.

మీ వాడు,
వెంకట్రాం

తా.క.: ఎవరూ ఆగకపోతే విభాగాన్ని ఎత్తేస్తారు. నన్ను ఎక్కడికి పంపుతారో తెలియదు. అయినా ఉన్న లెక్కే రాయండి.


రేగులగడ్డ,
3-7-2012

వెంకట్రాం సారుకు బుచ్చయ్య నమస్కారాలు.

వేదిక మే నెలలో పూర్తయింది. టికెట్ పుస్తకం, పెన్ను, కుర్చీ పెట్టుకుని రోజూ అక్కడ కూర్చుంటున్నాను. జూన్ లెక్క పంపుతున్నాను.

వేదిక మీదుగా పోయినవి: ఆటోలు 412, ట్రాక్టర్లు 96, ఎడ్లబండ్లు 140, బడి పిల్లల సైకిళ్లు ఇరవై చొప్పున రోజూ. నడిచి పోయినవారిని లెక్కపెట్టడం మానేశాను. లారీలు 17. అవి పోయినప్పుడు మీరు రాసిన బరువైన సందర్శకులు గుర్తుకు వచ్చారు.

29-6. పైన పెద్ద వాన. వాగు పొద్దున నాలుగింటికి వచ్చింది. కిందటి ఏడుకంటే రెండు అడుగులు ఎక్కువ. ఆరూ పదికి తుల్సీరాం ఆటో ఊళ్లో నుంచి వచ్చింది. లోపల శ్రీలత, యాదమ్మ ఉన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆటో ఆగలేదు. ఆరూ పదకొండుకు అవతలి ఒడ్డున ఉంది. తొమ్మిదింటికి పాలకుర్తి దవాఖానలో మగపిల్లవాడు పుట్టాడు. ఇద్దరూ బాగున్నారు. తుల్సీరాం ఈసారి కిరాయి తీసుకున్నాడు. "వాగు దాటింది గద బాపు" అన్నాడు. మనిషికి పన్నెండు రూపాయలు. యాదమ్మ కళ్లు మూసుకోలేదు, అడిగినంతా ఇచ్చింది.

పోశాలు చాయ్ మళ్లీ నాలుగు రూపాయలు అయింది. ఆగేవారు లేరు కనుక.

జూన్ నెల మొత్తం వేదిక మీద ఆగి చూసినవారు: సున్న. నోటుబుక్కులో వాగు లెక్క రాయడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఈ అంకె రాయడం ఇదే మొదటిసారి. మీ మాట ప్రకారం ఉన్నదే రాశాను.

వాగు మీది నుంచి,
బుచ్చయ్య

తా.క.: పైన రాసిన లెక్కను సరిదిద్దుతున్నాను. 29-6 నాడు ఆటో అవతలికి చేరిన తరువాత ఒక మనిషి వేదిక నడుమ ఆగాడు. పావుగంట నీళ్లను చూశాడు. అన్నేళ్లు ఒడ్డున నిలబడినా వాగు ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. టికెట్ నంబరు ఒకటి చింపి అతనికే ఇచ్చాను, అంటే నా జేబులో పెట్టుకున్నాను. రెండు రూపాయలు ఈ కవరులో ఉన్నాయి. తృప్తి: ఉంది. ఒకరు ఆగారు కనుక విభాగాన్ని ఎత్తేయనక్కరలేదని పైవారికి చెప్పగలరు.